షీట్ మాస్క్‌లో అసలు పనిచేసేది ఏది, సీరమా లేక తడి గుడ్డా?

షీట్ మాస్క్ గురించి ఎవర్ని అడిగినా ఒకరు చెప్పింది ఇంకొకరు చెప్పరు. రోజూ వేసుకుంటే గానీ తేడా తెలీదని ఒకరంటే, వారానికి ఒకటి దాటితే స్కిన్ పాడైపోతుందని ఇంకొకరంటారు. రాత్రంతా ఉంచుకుని పడుకుంటే పొద్దున్నకి ముఖం మెరిసిపోతుందని ఒక వీడియోలో చెప్తారు, దాని కిందే వచ్చే ఇంకో వీడియోలో 20 నిమిషాలు దాటితే ఉన్న తేమ కూడా లాగేస్తుందని భయపెడతారు. కవర్ మీద చూస్తే ఒక్క మాస్క్‌లో బాటిల్ సీరమ్ ఉందని రాసుంటుంది, స్కిన్ డాక్టర్లలో కొంతమందేమో అది ఉత్త తడి గుడ్డ, దాని బదులు మాయిశ్చరైజర్ రాసుకోండి చాలు అంటారు.

వీటిల్లో ఏదీ పూర్తిగా అబద్ధం కాదు, ఏదీ పూర్తిగా నిజమూ కాదు. నాకు అర్థమైనంతలో ఈ గందరగోళం ఎక్కడ మొదలవుతుందంటే, మనమందరం సీరమ్‌లో ఏముందా అనే చూస్తాం గానీ ఆ గుడ్డ ముఖం మీద పావుగంట సేపు కూర్చుని ఏం చేస్తోందో చూడం. ఆ గుడ్డ చేసే పని అర్థమైతే ఎంతసేపు, ఎన్నిసార్లు, ముందేం రాయాలి, తర్వాతేం రాయాలి అనే ప్రశ్నలకి సమాధానాలు చాలావరకు వాటంతట అవే వచ్చేస్తాయి.

## ముందు ఆ కవర్లో ఉండేదేంటి

షీట్ మాస్క్ అంటే కళ్లకి, ముక్కుకి, నోటికి కంతలు పెట్టి ముఖం ఆకారంలో కత్తిరించిన పల్చటి షీటు. దాన్ని ఒక ద్రవంలో నానబెట్టి గాలి చొరబడని కవర్లో సీల్ చేస్తారు. ఆ ద్రవాన్నే ఎసెన్స్ అనో సీరమ్ అనో అంటారు, మామూలుగా ఒక్కో మాస్క్‌లో 20 నుంచి 30 మిల్లీలీటర్ల దాకా ఉంటుంది.

ఆ ద్రవంలో అన్నిటికంటే ఎక్కువ ఉండేది నీళ్లే. ఆ తర్వాత గ్లిజరిన్, బ్యూటిలీన్ గ్లైకాల్, సోడియం హయాలురోనేట్ లాంటివి, వీటిని హ్యూమెక్టెంట్స్ అంటారు, అంటే నీటిని పట్టి ఉంచుకునే పదార్థాలు. తర్వాత మాస్క్‌కి పేరు తెచ్చిపెట్టేవి, అంటే నియాసినమైడ్ (విటమిన్ బి3 రకం), పాంథెనాల్, సెంటెల్లా అనే మొక్క సారం, విటమిన్ సి రకాలు వగైరా. కాస్త చిక్కదనం కోసం జాంథన్ గమ్ గానీ కార్బోమర్ గానీ వేస్తారు. ఇక ప్రిజర్వేటివ్ తప్పనిసరి, ఎందుకంటే నీళ్లలో నానుతున్న గుడ్డని నెలల తరబడి కవర్లో ఉంచితే బ్యాక్టీరియా, బూజు పట్టకుండా ఉండవు. చాలావాటిలో వాసన కోసం ఫ్రేగ్రెన్స్ కూడా కలుపుతారు.

ఇదేమీ మరీ కొత్త ఐడియా కూడా కాదు. జపాన్‌లో సయెకి చిజు అనే బ్యూటీ ఎక్స్‌పర్ట్ దూదిని తడిపి, లోషన్ వేసి, పొరలుగా విడదీసి ముఖం మీద కొద్ది నిమిషాలు పరుచుకునే పద్ధతిని బాగా ఫేమస్ చేశారు. జపాన్‌లో లోషన్ అంటే మనం టోనర్ అనుకునే నీళ్లలాంటి ద్రవం. దక్షిణ కొరియా బ్రాండ్లు ఈ షీట్లని ప్రపంచమంతా తిప్పాయి.

## చర్మం పైపొరకి తడి తగిలితే ఏమవుతుంది

మన చర్మంలో అన్నిటికంటే పైన ఉండే పొరని స్ట్రాటమ్ కార్నియమ్ అంటారు. ముఖం మీద అది మిల్లీమీటర్‌లో వందో వంతు అటూ ఇటూగా ఉంటుంది, అంత పల్చన. చదునైన మృతకణాలు ఇటుకల్లా పేర్చి ఉంటాయి, వాటి మధ్య సందుల్లో సెరమైడ్లు, కొలెస్ట్రాల్, ఫ్యాటీ యాసిడ్లు సిమెంట్‌లా నిండి ఉంటాయి. ఈ గోడ పని రెండు వైపులా ఉంటుంది, లోపలి నీళ్లు బయటికి పోకుండా ఆపాలి, బయటివి లోపలికి రాకుండా ఆపాలి.

అయినా గోడలోంచి నీరు కొంచెం కొంచెంగా ఆవిరై పోతూనే ఉంటుంది. అది చెమట కాదు, మనకి తెలీకుండా జరిగేది. గాలి పొడిగా ఉన్నప్పుడు, ఏసీలో ఎక్కువసేపు కూర్చున్నప్పుడు, ముఖం గట్టి సబ్బుతో కడిగినప్పుడు ఈ నష్టం పెరిగి ముఖం లాగినట్టు, గరుగ్గా అనిపిస్తుంది, సన్న గీతలు కనపడతాయి.

ఇప్పుడు చర్మం మీద ఏదైనా కప్పితే ఆ ఆవిరి బయటికి పోయే దారి తగ్గుతుంది. దీన్ని ఆక్లూజన్ అంటారు, ఈ వ్యాసంలో గుర్తుపెట్టుకోవాల్సిన మాట ఏదైనా ఉందంటే ఇదే. మామూలుగా ఈ పైపొరలో నీరు 10 నుంచి 20 శాతం ఉంటుంది, గాలి ఆడకుండా పూర్తిగా కప్పేస్తే అది 50 శాతం దాకా పెరగొచ్చు, పైగా అరగంట కప్పినా ఆ పెరుగుదల కొలతల్లో బాగానే తెలుస్తుంది. షీట్ మాస్క్ ప్లాస్టిక్‌లాగా పూర్తిగా మూసేయదు, గుడ్డ పైనుంచి నీరు ఆవిరవుతూనే ఉంటుంది, కానీ కింద చర్మానికి మాత్రం అంతసేపూ నీళ్లు తగులుతూనే ఉంటాయి. దాంతో కణాలు నీరు పీల్చుకుని కాస్త ఉబ్బుతాయి, పైన ఉన్న సన్న గీతలు సర్దుకుంటాయి, ఉపరితలం నున్నగా అవడం వల్ల వెలుతురు సమంగా పడి ముఖం మెరుస్తుంది.

మాస్క్ తీయగానే కనిపించే గ్లో అంటే ఇదే. అది భ్రమ కాదు, నిజంగా జరిగిన మార్పే. కాకపోతే లోపలికి చేరిన ఆ నీరు మళ్లీ ఆవిరైపోయేదే, దాన్ని ఆపకపోతే కొన్ని గంటల్లో ముఖం మళ్లీ మొదటికొస్తుంది.

ఈ తడి కప్పుడు మీద నమ్మకం నాకు ఇంకో చోటు నుంచి కూడా వచ్చింది. ఎగ్జిమా బాగా ముదిరినవాళ్లకి డాక్టర్లు చేసే వెట్ ర్యాప్ అనే ట్రీట్‌మెంట్ ఒకటి ఉంది, మందు రాసి దాని మీద తడి గుడ్డ చుట్టి, పైన పొడి గుడ్డ చుడతారు. మందు బాగా దిగడానికి, చర్మం తేమ పట్టడానికి అది పనిచేస్తుందని తెలిసిన విషయమే. షీట్ మాస్క్ దాంతో సమానం అనట్లేదు, సూత్రం మాత్రం ఆ కుటుంబానిదే.

## ఏది లోపలికి దిగుతుంది, ఏది పైనే ఉండిపోతుంది

కవర్ మీద కొల్లాజెన్, హయాలురోనిక్ యాసిడ్ అని పెద్ద అక్షరాలతో ఉంటుంది కదా, అవి మన చర్మంలో ఉన్న కొల్లాజెన్‌కి వెళ్లి కలుస్తాయి అనుకుంటాం. ఇక్కడ అణువు సైజు అనే చిక్కుంది. 2000లో బోస్, మైనార్డి అనే ఇద్దరు పరిశోధకులు 500 డాల్టన్ల నియమం అని ఒకటి ప్రతిపాదించారు. డాల్టన్ అంటే అణువు బరువుకి కొలత. సుమారు 500 డాల్టన్లు దాటిన పదార్థం మామూలు చర్మం గోడ దాటి లోపలికి వెళ్లడం చాలా కష్టం అని దాని సారాంశం. ఇది గీత గీసినట్టు ఉండే చట్టం కాదు, నీటిలో కరిగేదా నూనెలో కరిగేదా అన్నది కూడా ముఖ్యమే, కానీ అంచనా వేయడానికి మంచి కొలబద్ద.

గ్లిజరిన్ 92, నియాసినమైడ్ 122, విటమిన్ సి 176, పాంథెనాల్ 205. ఇవన్నీ గీత లోపలే ఉన్నాయి. కొల్లాజెన్ అణువు దాదాపు 3 లక్షలు. హయాలురోనిక్ యాసిడ్ రకాన్ని బట్టి కొన్ని వేల నుంచి 10 లక్షలు దాటి కూడా ఉంటుంది. కొల్లాజెన్‌ని ముక్కలు చేసి వాడినా ఆ ముక్కలు మామూలుగా కొన్ని వేల డాల్టన్లు ఉంటాయి.

అంటే కొల్లాజెన్ మాస్క్ వేస్ట్ అనా? ముడతలు పోగొట్టేలా లోపలికెళ్లి కొత్త కొల్లాజెన్‌గా మారుతుంది అనే ఆశ పెట్టుకుంటే, అవును వేస్టే. కానీ పైన కూర్చుని నీళ్లు పట్టి ఉంచడానికి ఈ పెద్ద అణువులు బాగా పనికొస్తాయి, చర్మం మీద పల్చటి పొరలా ఉండి నున్నగా అనిపిస్తాయి. వాటి నుంచి ఆశించాల్సింది అది, అంతవరకు అవి చేస్తాయి.

ఇంకో విషయం, చర్మం తడిసి ఉబ్బినప్పుడు ఆ గోడ కొంచెం సడలుతుంది కాబట్టి చిన్న అణువులు చాలావరకు మామూలుకంటే ఎక్కువ దిగుతాయి. మంచివి దిగినట్టే మంట పుట్టించేవి కూడా దిగుతాయి. దీని సంగతి కింద మళ్లీ వస్తుంది.

## బాటిల్ సీరమ్ ఒక్క మాస్క్‌లో ఉందా, లెక్క వేసి చూద్దాం

ఇది అర్థమవడానికి కొన్ని ఊహించిన అంకెలు తీసుకుందాం. ఒక మాస్క్‌లో 26 గ్రాముల ఎసెన్స్ ఉంది, అందులో నియాసినమైడ్ 2 శాతం. అంటే మొత్తం 520 మిల్లీగ్రాములు. వినడానికి చాలా ఎక్కువే.

కవర్ లోంచి షీట్ తీశాక 5 గ్రాములు కవర్లోనే మిగిలిపోయాయి. షీట్‌తో పాటు ముఖం మీదకి 21 గ్రాములు వచ్చాయి. 15 నిమిషాల తర్వాత తీసి చూస్తే షీట్‌లో ఇంకా 16 గ్రాములున్నాయి, చేత్తో పిండితే కారేంత. తగ్గింది 5 గ్రాములు. అందులో 2 గ్రాముల దాకా గాల్లోకి ఆవిరైంది అనుకుంటే ముఖం మీదకి చేరింది 3 గ్రాములు, అంటే నియాసినమైడ్ సుమారు 60 మిల్లీగ్రాములు. నిజానికి ఆవిరయ్యేది నీళ్లే, నియాసినమైడ్ ఆవిరవదు కాబట్టి మిగిలిన ద్రవం కొంచెం చిక్కబడుతుంది, లెక్క కాస్త అటూ ఇటూ అవుతుంది, అయినా పెద్దగా మారదు.

ఇప్పుడు పక్కన 5 శాతం నియాసినమైడ్ సీరమ్ పెట్టుకుందాం. ఒక్కసారికి అర మిల్లీలీటర్ రాస్తే 25 మిల్లీగ్రాములు. పొద్దునొకసారి రాత్రొకసారి చొప్పున వారానికి 14 సార్లు, మొత్తం 350 మిల్లీగ్రాములు. వారానికో మాస్క్ వేసుకునే వాళ్లకి 60, రోజూ సీరమ్ రాసుకునే వాళ్లకి 350. రెండూ చర్మం మీదకి చేరిన లెక్కే, లోపలికి దిగేది రెండింట్లోనూ ఇంకా తక్కువ.

మాస్క్ కింద దిగే శాతం ఎక్కువ కదా అని ఎవరైనా అడగొచ్చు, న్యాయమైన ప్రశ్నే. కానీ నియాసినమైడ్ మీద మచ్చలు, సన్న గీతల విషయంలో ఫలితం చూపించిన ప్రయోగాలు ఎక్కువగా 2 నుంచి 5 శాతం ఉన్న క్రీముల్ని 8, 12 వారాల పాటు రోజూ రాయించి చూసినవి. చర్మం రంగు, మచ్చలు లాంటివి మారాలంటే రోజూ కొంచెం కొంచెం అందడమే ముఖ్యం, అప్పుడప్పుడు ఒకేసారి బోలెడు పోస్తే ఆ పని జరగదు. అందుకే నా అభిప్రాయం ఏంటంటే మచ్చలకి, మొటిమలకి మాస్క్ మీద ఆధారపడటం దండగ, ముఖం పొడిబారిందనో ఫంక్షన్ ముందు కాస్త కళగా కనపడాలనో అయితే మాస్క్‌ది దాని స్థానం దానిదే.

## ఎండిపోయేదాకా ఉంచితే తేమ లాగేస్తుందా

చాలా కవర్ల మీద 10 నుంచి 20 నిమిషాలు అని ఉంటుంది. ఇంతసేపే ఎందుకు అనేదాని మీద రెండు వాదనలున్నాయి.

ఒక వాదన ప్రకారం గుడ్డ ఎండిపోవడం మొదలయ్యాక అది చర్మంలో ఉన్న నీటిని తిరిగి పీల్చుకుంటుంది, అందుకే ఎక్కువసేపు ఉంచితే ముఖం వేసుకోకముందుకంటే పొడిబారుతుంది. ఎండిన గుడ్డలో నీళ్లు పోయి గ్లిజరిన్ లాంటివి చిక్కగా మిగులుతాయి, అవి నీటిని గట్టిగా పట్టుకునేవి, పక్కనే తడిసి ఉన్న చర్మం ఉంది, కాబట్టి ఆ దిశగా కొంత నీరు కదలడం అసాధ్యమేం కాదు.

రెండో వాదన, గ్లిజరిన్ గుడ్డలోనే కాదు చర్మం మీద కూడా ఉంది కదా, అది అక్కడ నీటిని పట్టుకునే ఉంటుంది, కాబట్టి ఈ లాగేయడం అనే భయం మరీ పెంచి చెప్పింది అంటుంది. నాకు ఈ వాదన కూడా సబబుగానే అనిపిస్తుంది.

అయితే వాడేవాళ్లకి ఈ తగవు తేలాల్సిన అవసరం పెద్దగా లేదు, ఎందుకంటే రెండు దారులూ ఒకే చోటికి వస్తాయి. గుడ్డ తడిగా ఉన్నంతసేపే కప్పుడు వల్ల లాభం, ఎండాక అది చర్మానికి ఇచ్చేదేం లేదు, పైగా అంటుకుపోయి తీసేటప్పుడు లాగుతుంది. ముక్కు పక్కన, గడ్డం దగ్గర, అంచుల్లో ముందు ఎండుతుంది, అక్కడ ఎండిందంటే తీసే టైమ్ అయినట్టే. ఫ్యాన్ కింద, ఏసీలో కూర్చుంటే త్వరగా ఎండుతుంది, అందుకే కవర్ మీద 20 అని ఉన్నా మీ గదిలో అది 12 నిమిషాలకే ఎండొచ్చు. గడియారం కంటే గుడ్డ ఎలా ఉందన్నదే సరైన గుర్తు.

పైన సిలికాన్ కవర్ లాంటిది తొడిగి ఎండకుండా చేస్తే గంటలకొద్దీ ఉంచొచ్చా అని కూడా అడుగుతారు. అక్కడ ఇబ్బంది వేరే. చర్మం గంటల తరబడి నీళ్లలో నానితే ఇందాక చెప్పిన సిమెంట్ పొరల అమరిక చెదిరిపోతుంది, గోడ బలహీనపడుతుంది. పైగా ప్రిజర్వేటివ్‌లు, ఫ్రేగ్రెన్స్ అంతసేపూ చర్మానికి రుద్దినట్టే. రాత్రంతా ఉంచుకోవడం అనే సలహా అందుకే తప్పు. ఓవర్‌నైట్ మాస్క్ అని అమ్మేవి చాలావరకు ఇలాంటి షీట్లు కావు, అవి క్రీమో జెల్లో, ఆ పేరుని పట్టుకుని రెండూ ఒకటే అనుకోవడం వల్ల వచ్చిన గొడవ ఇది.

## ముందు ఏం రాయాలి, తర్వాత ఏం రాయాలి

మాస్క్ ముందు ముఖం కడుక్కోవాలన్న దాంట్లో ఎవరికీ తేడా లేదు. జిడ్డు, సన్‌స్క్రీన్, మేకప్ పొర ఉంటే నీళ్ల ఎసెన్స్ చర్మాన్ని సరిగ్గా తాకదు, తాకినా ఆ మురికితో కలిపి కప్పిపెట్టినట్టు అవుతుంది. ఇదే కారణంతో ఫేస్ ఆయిల్, చిక్కటి క్రీమ్ ముందు రాస్తే ఉపయోగం తగ్గుతుంది, వాటి చోటు మాస్క్ తర్వాతే. టోనర్ ముందు రాయొచ్చు, రాయకపోయినా పెద్దగా పోయేదేం లేదు, ఎలాగూ మాస్క్ నిండా నీళ్లే.

సీరమ్ ముందా తర్వాతా అన్న దగ్గర అభిప్రాయాలు వేరవుతాయి. ముందు రాస్తే కప్పుడు కింద బాగా దిగుతుంది అంటారు కొందరు. హైడ్రేటింగ్ సీరమ్ అయితే పర్లేదు. కానీ రెటినాల్, గ్లైకాలిక్ యాసిడ్, సాలిసిలిక్ యాసిడ్, ఘాటైన విటమిన్ సి లాంటివి రాసి దాని మీద మాస్క్ పరిస్తే ఆ బాగా దిగడమే సమస్య అవుతుంది, రోజూ రాసినా ఏమీ అనిపించని సీరమే ఆ రోజు మండించొచ్చు. స్క్రబ్ చేసి వెంటనే మాస్క్ వేస్తే బాగా పీల్చుకుంటుంది అనే పాత సలహా కూడా ఈ కోవలోదే, గోడని పల్చన చేసి ఆ పైన తడిపెట్టడం. షేవింగ్ చేసిన వెంటనే వేసుకున్నా ఇంతే.

మాస్క్ తర్వాత మాయిశ్చరైజర్ రాయడం అనేది చాలామంది వదిలేసే మెట్టు, నా దృష్టిలో మొత్తం ప్రక్రియలో అన్నిటికంటే విలువైనది అదే. ఎసెన్స్‌లో హ్యూమెక్టెంట్స్ దండిగా ఉంటాయి గానీ నీళ్లు బయటికి పోకుండా ఆపే నూనెలు, మైనాలు దాదాపు ఉండవు. గుడ్డ తీసేశాక కప్పుడు పోయింది, ఇప్పుడు ఆ పని ఇంకోటి చేయాలి. తడి ఆరకముందే డైమెథికోన్, సెరమైడ్లు, పెట్రోలేటమ్, షియా బటర్ లాంటివి ఏవైనా ఉన్న క్రీమ్ పల్చగా రాస్తే లోపలికి చేరిన నీరు ఎక్కువ గంటలు నిలుస్తుంది. జిడ్డు చర్మం వాళ్లకి తేలికపాటి జెల్ క్రీమ్ అయినా చాలు.

మాస్క్ తీశాక ముఖం కడగాలా అంటే, మామూలు హైడ్రేటింగ్ మాస్క్ అయితే అక్కర్లేదు, మరీ జిగురుగా అనిపిస్తే కడుక్కున్నా నేరమేం కాదు, పైపొరలోకి చేరిన తేమ చాలావరకు ఉంటుంది. మంటగా ఉంటే మాత్రం కడిగేయడమే కరెక్ట్.

పొద్దున వేసుకునేవాళ్లకి ఒక చిన్న ఇబ్బంది. ఎసెన్స్‌లోని జిగురు పదార్థాలు ఆరకముందే సన్‌స్క్రీన్ రాస్తే ఉండలు ఉండలుగా రాలుతుంది, అప్పుడు సన్‌స్క్రీన్ పొర సమంగా ఉండదు, అది అందం సమస్య మాత్రమే కాదు, ఎండ నుంచి రక్షణ కూడా తగ్గుతుంది. తీశాక కొద్దిసేపు ఆగి, మిగిలిన జిగురు తుడిచి రాస్తే ఈ బాధ ఉండదు.

## రోజూనా, వారానికోసారా

దక్షిణ కొరియాలో రోజుకో మాస్క్ అనే అలవాటు బాగా ట్రెండ్ అయ్యింది, అక్కడి నుంచే మిగతా వాళ్లకీ అంటుకుంది. దాన్ని సమర్థించేవాళ్లు చెప్పేదాంట్లో న్యాయం ఉంది, ఫ్రేగ్రెన్స్ లేని తేలికపాటి మాస్క్ రోజూ 10 నిమిషాలు వేసుకోవడం అంటే టోనర్ కాస్త ఎక్కువ రాసుకోవడమే కదా అంటారు. వద్దనేవాళ్లు రోజూ అంతసేపు తడిపెట్టి ప్రిజర్వేటివ్, సువాసన పదార్థాల్ని చర్మానికి పట్టిస్తే ఎప్పుడో ఒకప్పుడు అలర్జీ మొదలవుతుందని, మొటిమలు వచ్చేవాళ్లకి ఆ వెచ్చటి తడి ఇంకా ఇబ్బందని అంటారు.

ఇద్దర్ని ఊహించుకుందాం. ఒకరికి పొడి చర్మం, రోజంతా ఏసీలో పని, మొటిమల మందులేం వాడట్లేదు, సాయంత్రానికి బుగ్గలు లాగుతుంటాయి. వాళ్లు వారానికి రెండుమూడు సార్లు సాదా మాస్క్ వేసుకుని పైన క్రీమ్ రాస్తే హాయిగానే ఉంటుంది. ఇంకొకరికి జిడ్డు చర్మం, మొటిమలు, రాత్రి పూట రెటినాయిడ్ (రెటినాల్ కుటుంబానికి చెందిన మందు) వాడుతున్నారు, అప్పటికే పొట్టు లేస్తోంది. వీళ్లకి పొడిబారింది కాబట్టి మాస్క్ మంచిదే అనిపిస్తుంది, కానీ గోడ అప్పటికే సన్నబడి ఉంది, అందులో సువాసన ఉన్న మాస్క్ వేస్తే మండి ఎర్రబడటానికి అవకాశం ఎక్కువ. రెటినాయిడ్ రాయని రాత్రి, ఫ్రేగ్రెన్స్ లేనిది, కొద్దిసేపు వేసుకుంటే సరిపోవచ్చు. ఒకే ప్రశ్నకి రెండు జవాబులు, రెండూ కరెక్టే.

రోసేషియా (ముఖం తరచూ ఎర్రబడే చర్మ సమస్య) ఉన్నవాళ్లు, ముఖం మీద ఎగ్జిమా ఎగిసిపడుతున్నప్పుడు, పుండ్లు ఉన్నప్పుడు మాత్రం స్కిన్ డాక్టర్‌ని అడగకుండా వేసుకోకపోవడమే మంచిది. లేజర్ లాంటివి చేయించుకున్నాక క్లినిక్‌లో వేసే మాస్క్‌లు స్టెరైల్ చేసినవి, చూడ్డానికి ఒకేలా ఉన్నా మామూలు కవర్లో వచ్చేవి వాటికి బదులు కావు.

## చురచురమంటే పనిచేస్తున్నట్టా

కాదు. చల్లగా తగలడం వేరు, చురచురమనడం వేరు. చురుక్కుమంటే ఎసెన్స్ ఆమ్లత్వమో, ఆల్కహాలో, ఏదో సువాసన పదార్థమో నరాల చివర్లని తాకుతోందని అర్థం, ముఖ్యంగా గోడ దెబ్బతిన్న చర్మంలో ఇది ఎక్కువ. నిమిషంలో తగ్గకపోతే ఓర్చుకుని కూర్చోవడంలో లాభం లేదు.

అలర్జీ ఇంకో రకం, అది వెంటనే తెలీకపోవచ్చు, ఒకట్రెండు రోజుల తర్వాత దురద, ఎర్రటి దద్దుర్లు రావొచ్చు. స్కిన్ డాక్టర్లు కాంటాక్ట్ అలర్జీ కనిపెట్టడానికి ప్యాచ్ టెస్ట్ చేస్తారు, అనుమానం ఉన్న పదార్థాల్ని వీపు మీద అంటించి 48 గంటలు కప్పి ఉంచుతారు. కప్పి ఉంచడం ఎందుకంటే అప్పుడే పదార్థం బాగా దిగి అలర్జీ ఉంటే బయటపడుతుంది. షీట్ మాస్క్ బలమూ ప్రమాదమూ ఒకే చోటి నుంచి వస్తాయి అనడానికి నాకు తెలిసి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

ప్రిజర్వేటివ్‌లలో మిథైల్‌ఐసోథియాజోలినోన్ పేరు గుర్తుంచుకోండి. అమెరికన్ కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ 2013లో దాన్ని ఆ ఏటి అలర్జెన్‌గా, అంటే అలర్జీ తెప్పించే పదార్థంగా ప్రకటించింది, కడిగేయకుండా ముఖం మీద వదిలేసే కాస్మెటిక్స్‌లో దాన్ని యూరోపియన్ యూనియన్ 2017 నుంచి నిషేధించింది.

## లేబుల్‌లో ఒక శాతం గీత

పదార్థాల లిస్టు చదవడానికి ఒక చిట్కా ఉంది. ఎక్కువ ఉన్నది ముందు, తక్కువ ఉన్నది తర్వాత రాస్తారు, కానీ ఒక శాతం కంటే తక్కువ ఉన్నవాటిని వాటిల్లో వాటికి ఏ వరుసలోనైనా రాసుకోవచ్చు. ఫినాక్సీఇథనాల్ అనే ప్రిజర్వేటివ్‌కి యూరప్‌లో గరిష్ఠ పరిమితి ఒక శాతం. కాబట్టి లిస్టులో దాని తర్వాత వచ్చేవన్నీ దాదాపు ఒక శాతం లోపే అనుకోవచ్చు.

ఊహించిన ఒక లిస్టు చూద్దాం. నీరు, గ్లిజరిన్, బ్యూటిలీన్ గ్లైకాల్, నియాసినమైడ్, పాంథెనాల్, ఫినాక్సీఇథనాల్, జాంథన్ గమ్, కొల్లాజెన్, బంగారం, ఫ్రేగ్రెన్స్. కవర్ ముందు వైపు గోల్డ్ కొల్లాజెన్ మాస్క్ అని మెరుస్తూ ఉంటుంది, లిస్టు చూస్తేనేమో ఇది మంచి గ్లిజరిన్, నియాసినమైడ్ మాస్క్, బంగారం, కొల్లాజెన్ చిటికెడు. కొనకూడదని కాదు, దేనికి కొంటున్నారో తెలుసుకుని కొనొచ్చు. అదే ఆల్కహాల్ డినాట్ (త్వరగా ఆవిరయ్యే ఆల్కహాల్) మొదటి నాలుగైదింట్లో ఉంటే పొడి చర్మం వాళ్లు పక్కన పెట్టేయడం మేలు.

## కాటన్, హైడ్రోజెల్, బయోసెల్యులోజ్

షీట్ రకాన్ని బట్టి కప్పుడు ఎంత బాగా జరుగుతుందో మారుతుంది. నాన్‌వోవెన్ (నేయకుండా చేసిన) కాటన్ రకం షీట్ ముఖానికి అక్కడక్కడా ఎత్తుగా లేచి ఉంటుంది, త్వరగా ఎండుతుంది. హైడ్రోజెల్ జెల్లీలా ఉండి నెమ్మదిగా ఎండుతుంది, చల్లగా ఉంటుంది. బయోసెల్యులోజ్‌ని ఒక రకం బ్యాక్టీరియా తయారుచేస్తుంది, దాని పోగులు అతి సన్నం కాబట్టి చర్మానికి గట్టిగా అతుక్కుంటుంది, గాయాల డ్రెస్సింగ్‌లలోనూ దీన్ని వాడతారు. ఎసెన్స్ ఒకటే అయినా షీట్ మారితే ఫలితం మారడానికి ఇదే కారణం.

ఫ్రిజ్‌లో పెట్టి వాడితే చల్లదనానికి రక్తనాళాలు కుంచించుకుని కళ్ల కింద ఉబ్బు కాసేపు తగ్గుతుంది, అంతకుమించి లోపలికి ఎక్కువేం దిగదు. ఒకసారి విప్పిన షీట్‌ని మర్నాడు వాడటం మాత్రం వద్దు, చేతుల నుంచి, ముఖం నుంచి చేరిన సూక్ష్మజీవులకి ఆ తడి మంచి ఆవాసం. కవర్లో మిగిలిన ఎసెన్స్ అప్పటికప్పుడే మెడకి, చేతులకి రాసేయొచ్చు. వ్యర్థాల గురించి అభ్యంతరం కూడా సరైనదే, ఆ కవర్లు చాలావరకు ప్లాస్టిక్, అల్యూమినియం పొరలు కలిసినవి, రీసైకిల్ చేయడం కష్టం, పావుగంట వాడకానికి అంత చెత్త అవసరమా అని అడిగేవాళ్లకి నా దగ్గర గట్టి జవాబేం లేదు. టాబ్లెట్‌లా నొక్కిన పొడి షీట్లని సొంత టోనర్‌లో తడిపి వాడితే ఆ కవర్ల చెత్త కొంత తగ్గుతుంది.

## మీ చర్మానికి తేడా ఉందో లేదో సగం ముఖంతో చూడటం

ఇన్ని విన్నాక కూడా నా చర్మానికి ఇది అవసరమా అన్న ప్రశ్న మిగులుతుంది. పరిశోధనల్లో సగం ముఖం పోలిక అని ఒక పద్ధతి వాడతారు, దాన్ని ఇంట్లోనూ చేయొచ్చు. షీట్‌ని నిలువుగా రెండుగా కత్తిరించి ఒక బుగ్గ వైపే వేసుకుని, రెండో వైపు మామూలు టోనర్ రాసి, తర్వాత రెండు వైపులా ఒకే మాయిశ్చరైజర్ ఒకే మోతాదులో రాయాలి. తీసిన వెంటనే చూస్తే మాస్క్ వైపే గెలుస్తుంది, అది ఎలాగూ తెలిసిందే. అందుకని గంట తర్వాత ఒకసారి, పడుకునే ముందు ఒకసారి, మర్నాడు పొద్దున ముఖం కడగకముందు ఒకసారి ఒకే వెలుతురులో చూడాలి. పొద్దున్నకి రెండు బుగ్గలూ ఒకేలా ఉంటే మీ మాయిశ్చరైజరే ఆ పని చేసేస్తోందన్నమాట, మాస్క్ ఫంక్షన్ల ముందు వాడుకుంటే చాలు. మాస్క్ వైపు ఇంకా మెత్తగా, లాగకుండా ఉంటే, పొడిగా ఉండే రోజుల్లో వారానికి ఒకట్రెండు సార్లు వేసుకోవడం మీకు పనికొచ్చే అలవాటే. ఎడమ కుడి వైపులు మార్చి మళ్లీ చేయాలి, ఎందుకంటే మనం ఒక వైపే పడుకుంటాం, ఆ వైపు బుగ్గ ముందునుంచే కాస్త వేరుగా ఉండొచ్చు.